కట్టలోంచి నడిచొచ్చిన నీళ్ళు

రోలరాయన నోరు తెరిచాడంటే కట్ట ఇంకో బెత్తెడు పెరిగినట్టేనని ఆ వీధిలో చెప్పుకునేవారు. పొద్దున టీకొట్టు దగ్గర మేడంత ఉన్న కట్ట మధ్యాహ్నానికి కొండంత అయ్యేది. సాయంత్రం దర్జీ కొట్టు అరుగెక్కి కూర్చునేసరికి మబ్బులు దాన్ని దాటలేక పక్కనుంచి చుట్టు తిరిగి పోతుండేవి. ఒకసారైతే చందమామ కట్టకి అడ్డం తగిలి కాసేపు ఆగిపోయిందన్నాడు. "మరి మళ్ళీ ఎలా కదిలిందయ్యా?" అని ఎవరో అడిగితే, "నేనే పాపం అని రోలరు కాస్త వెనక్కి తీశాను" అన్నాడు.

అసలు కట్ట కూడా తక్కువదేమీ కాదు. రెండు కొండల మధ్య, ఏటికి అడ్డంగా, ఈ చివర నిలబడి చూస్తే ఆ చివరి మనిషి చీమంత కనిపించేంత పొడవు. సిమెంటు లేదు, ఇనుము లేదు, అంతా మట్టే. నడిమధ్య గోడలా నల్ల బంకమన్ను, దానికి అటూ ఇటూ ఎర్రమట్టి, నీళ్ళవైపు రాళ్ళ పరుపు, ఇవతలివైపు పచ్చగడ్డి. ఆ నడిమి నల్లగోడను అడుగునుంచి నెత్తిదాకా పొర పొరగా తొక్కిన మొనగాడు మన రోలరాయనే. లారీలు మట్టి పోసేవి, ఒకడు నీళ్ళు చల్లేవాడు, ఈయన రోలరు తోలేవాడు. ఆ రోలరు డోలు చుట్టూ గొర్రె గిట్టల్లాంటి ఇనప బుడిపెలుండేవి.

"వెయ్యి గొర్రెల మందని ఒంటిచేత్తో కాశాను. మేత అడగవు, అరవవు, దారి తప్పవు" అనేవాడు. "గిట్ట దిగబడటం మానేసేదాకా తొక్కడమే మన పని. గుర్తు పడిందా, మట్టి ఇంకా పచ్చిగా ఉన్నట్టు. నా కట్ట మీద ఏనుగు నడిచినా అడుగు పడదు."

ఈ కథలు వినీ వినీ ఆయన భార్య చెవుల్లో కూడా బంకమన్ను పేరుకుపోయింది. "కాస్త ఆ కబుర్లు తొక్కి చదును చెయ్యవయ్యా, నడవడానికి దారి లేకుండా ఉంది" అనేది.

వాళ్ళ వీధి కట్టకి సరిగ్గా కింద ఉంది. కట్ట పనికి వచ్చినవాళ్ళే అక్కడ ఇళ్ళు కట్టుకుని ఉండిపోయారు. వంటింటి కిటికీ తీస్తే ఆకాశం కనిపించదు, గడ్డి పరిచిన కట్ట వాలే కనిపిస్తుంది. అవతల నీళ్ళు లేనన్నాళ్ళూ దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. నీళ్ళు వచ్చే యేడు దగ్గరపడ్డాక మాత్రం ఆడా మగా అందరూ వచ్చి రోలరాయననే అడగడం మొదలుపెట్టారు, ఆగుతుందా అని.

"నీళ్ళు కాదు, నీళ్ళ వాసన కూడా ఇవతలికి రాదు" అన్నాడాయన. "ఒక్క చుక్క వచ్చిందా, నా మీసం తీసుకెళ్ళి దర్జీ కత్తెరకి అప్పజెప్తాను."

వీధిలో అందరూ ఆ మాట నమ్మి నిద్రపోయారు. అందరూ అంటే, ఒక్కరు తప్ప. కట్ట ఇంజినీరమ్మ. ఆమె ఎవరో కాదు, రోలరాయనకి సొంత మేనకోడలు. చిన్నప్పుడు ఈయన భుజాలెక్కి చెవులు పట్టుకుని ఊరేగిన పిల్ల. ఇప్పుడు నెత్తిన టోపీ, చేతిలో టేపు, కట్ట బరువంతా కళ్ళలో.

"మామయ్యా, చుక్క వస్తుంది" అందామె ఓరోజు, కట్ట కాళ్ళ దగ్గరున్న ఊటతొట్టి చూపించి. అదో చిన్న సిమెంటు తొట్టి. రాళ్ళ కుప్పలోంచి ఒక గొట్టం వచ్చి అందులోకి మూతి పెట్టుకుని ఉంటుంది. "ఏ మట్టికట్టయినా ఊరుతుంది. ఊరాలి. లోపలికి దిగిన నీళ్ళు మెల్లగా నడిచొచ్చి, ఇసుక పొరలో పడి, ఈ గొట్టంలోంచి బయటికి రావాలి. మనం దారి ఇవ్వకపోతే అవే వెతుక్కుంటాయి."

"అది వేరేవాళ్ళ కట్టల సంగతి తల్లీ. జాగ్రత్తకి గొట్టం పెట్టుకున్నారు, ఉండనీ. గొడుగు కొన్నామని వాన వచ్చి తీరాలా?"

మేనకోడలు నవ్వి ఊరుకుంది. నవ్వకుండా చేతిలో టేపుతో నాలుగు అంటించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ యేడు కొండల్లో వానలు ముందే దిగాయి. తూము తలుపులు దించారు. అంత పెద్ద ఏరు హోరెత్తుతూ వచ్చి కట్టని గుద్దుకుంటుందని వీధంతా కట్టెక్కి ఎదురుచూసింది. అలాంటిదేమీ జరగలేదు. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా వచ్చాయి. ముందు లారీల చాళ్ళు నిండాయి. తర్వాత మట్టి తవ్విన గోతులు. ఓ పొద్దున చూస్తే రోలరు నిలిపే రేకుల షెడ్డు నడుము లోతులో ఉంది. మరో పొద్దుటికి దాని కప్పు మీద ఎక్కడినుంచో వచ్చిన తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఆ మర్నాడు కొంగ ఉంది గాని కప్పు లేదు. నీళ్ళమీద నిలబడ్డట్టుగా ఉంది కొంగ.

అలా ఎక్కుతూ ఎక్కుతూ, ఒకరోజు రోలరాయన కట్ట మీదికి వెళ్ళేసరికి అవతలి ఒడ్డు లేదు. ఆకాశం వచ్చి నీళ్ళలో దిగిపోయింది. గాలికి అలలు రాళ్ళ పరుపు మీదికి వచ్చి, ఏదో చెప్పబోయి, వెనక్కి పోతున్నాయి. మనవాడు అబద్ధం ఆడదామని నోరు తెరిచాడు. దానికంటే పెద్దది ఏదీ దొరక్క మూసేశాడు. దిగి వచ్చాక మాత్రం, "ఫర్వాలేదు, ఏదో కాస్త తడిగానే ఉంది" అన్నాడు భార్యతో.

కొన్నాళ్ళకి ఊటతొట్టిలో చుక్క పడింది.

ఒక చుక్క, కాసేపటికి ఇంకోటి. మరి కొన్నాళ్ళకి వేలెడు సన్నటి ధార. ఆ ధార గురించి మేనకోడలు హెడ్డాఫీసుకి సంతోషంగా ఫోన్ చేసి చెప్పింది. వీధిలో మాత్రం వార్త ఇంకోలా పాకింది. దర్జీ, మెడలో టేపూ చేతిలో కత్తెరతో, నేరుగా రోలరాయన గుమ్మంలోకి వచ్చాడు.

"బావా, నీ కట్టకి జలుబు చేసినట్టుంది. ముక్కు కారుతోంది."

"పో బావా, కోత పని చూసుకో."

"దానికేగా వచ్చింది. కాస్త మొహం ఇటు తిప్పు."

"కానివ్వు అన్నయ్యా" అంది భార్య లోపలినుంచి. "ఆ మీసం పోతే ఇంట్లో కాస్త వెలుతురు వస్తుంది."

అందరూ నవ్వారు. రోలరాయనా నవ్వాడు గాని, నవ్వు గొంతు దాటి కిందికి దిగలేదు. మీసం పోతే పోయింది, మళ్ళీ మొలుస్తుంది. కాని సాయంత్రం టీకొట్టు ముందు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని, ఆ ధారనే చూస్తూ నిలబడ్డారు. ఆయన మాట మీద నిద్రపోయినవాళ్ళు వాళ్ళు. వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. అదే గుచ్చుకుంది. "కాస్త గడువివ్వండి. కొత్త కట్ట కదా, సర్దుకుంటుంది" అన్నాడు.

మేనకోడలు హెడ్డాఫీసు మీటింగుకి ఊరెళ్ళింది. మర్నాడు పొద్దు పొడిచే వేళకి మనవాడు లేచాడు. పనిలో మిగిలిన నల్ల బంకమన్ను పెరట్లో గోనె కింద ఉంది. దాని మీద నీళ్ళు చిలకరించి, కాళ్ళతో కసిదీరా తొక్కి, బకెట్లో వేసుకుని తొట్టి దగ్గరికి పోయాడు. రాళ్ళు తొలగించి, గొట్టంలోకి చెయ్యి దూర్చి, ఒక ముద్ద పెట్టాడు. కొయ్య దిమ్మిసతో కొట్టాడు. ఇంకో ముద్ద, ఇంకో దెబ్బ. కట్ట ఎలా కట్టాడో అలాగే, పొర పొరగా, దిమ్మిస గుర్తు పడటం మానేసేదాకా. రాళ్ళు మళ్ళీ కప్పేశాడు. ధార ఆగింది. ఆయన ప్రాణం కుదుటపడింది.

మధ్యాహ్నానికి వీధంతా పండగ. దర్జీ అందరికీ టీ ఇప్పించాడు. "ఒప్పుకున్నాను బావా. నీ కట్ట నీ నోరంత గట్టిది" అన్నాడు. తల్లులు పిల్లల్ని చంక దించి ఆడుకోమని వదిలేశారు. రోలరాయన ఆ పూట చెప్పిన కథలో సముద్రమే వచ్చి కట్ట అవతల ఉద్యోగం అడిగింది.

కొన్ని రోజులు గడిచాయి. మేనకోడలు తిరిగొచ్చింది. బస్సు దిగీ దిగగానే, చేతిలో సంచీ ఉండగానే, తొట్టి దగ్గరికి పోయింది. వెనకే మన రోలరాయన, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా.

"చూశావా తల్లీ? ఆగిపోయింది."

ఆమె మొహంలో నెత్తురు లేదు. "ఎప్పుడు?"

"నువ్వెళ్ళిన మర్నాడే. అదీ నా కట్టంటే!"

ఆమె సంచీ అక్కడే పడేసి కట్ట వాలు ఎక్కడం మొదలుపెట్టింది. ఈయనా ఎక్కాడు. మనిషెత్తు దాటాక ఒకచోట గడ్డి మిగతా గడ్డికంటే పచ్చగా ఉంది. ఏదో దుప్పటి పరిచినట్టు అంతమేరా నిగనిగలాడుతోంది. ఆమె చెప్పు విడిచి ఆ గడ్డి మీద కాలు పెట్టి తీసింది.

అడుగు పడింది.

రోలరాయన ఆ గుర్తుని చూస్తూ నిలబడిపోయాడు. మడమ, వేళ్ళు, అచ్చు గుద్దినట్టు. చూస్తుండగానే అందులోకి నీళ్ళు ఊరాయి. ఊరి, ఆగి, ఆ చిన్న గుంటలో ఆకాశం కనిపించింది.

ఆయన తలెత్తి చూశాడు. పైన గడ్డి, గడ్డి, ఇంకా గడ్డి, ఆ పైన కట్ట అంచు. ఆ అంచు అవతల, సరిగ్గా తన తల మీద, అవతలి ఒడ్డు కనపడని నీళ్ళు. ఇన్నేళ్ళూ కట్టని కొండని చేసి చెప్పాడే గాని, దానికి భుజం ఆనించి నిలబడ్డదాన్ని ఒక్కరోజూ ఊహించి చూడలేదు. అది తోసుకు రావడం లేదు, అరవడం లేదు. ఊరికే ఆనుకుని ఉంది, రాత్రీ పగలూ, రెప్ప వెయ్యకుండా. ఈ మట్టి దాన్ని మోస్తోంది.

"ఇది కట్టలో లోపమైతే" అంటోంది మేనకోడలు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు, "సైరన్ మోగించి వీధి ఖాళీ చేయించాలి. తూములన్నీ ఎత్తి నీళ్ళు మొత్తం వదిలెయ్యాలి. కింద పొలాలకి ఈ యేడు చుక్క ఉండదు. తర్వాత కట్ట కోసి చూడాలి."

"కోసా? ఎందాకా?"

"నడిమి గోడదాకా మామయ్యా."

"వద్దు. కట్టలో ఏం లేదు. గొట్టంలో ఉంది. నేనే మూశాను. బంకమన్ను పెట్టి."

ఆమె ఆయన్ని చూసిన చూపుకి, కొండంత మనిషి బెత్తెడైపోయాడు. తిట్టలేదు. తిట్టడానికి తీరిక లేదు. "పిల్లల్నీ ముసలివాళ్ళనీ కొండ మీది బడికి పంపించండి. ఇప్పుడే" అని కిందికి కేకేసింది. తూము కావలివాడికి ఫోన్ చేసి, తలుపుల దగ్గర నిలబడి ఉండమంది. "నేను చెప్పగానే ఎత్తెయ్యాలి. చెప్పేదాకా చెయ్యి వెయ్యొద్దు." అప్పుడు ఈయన వైపు తిరిగింది. "పద. నువ్వు పెట్టింది నువ్వే తియ్యి."

రాళ్ళు లాగేశారు. రోలరాయన గునపం దించాడు. గునపం ఎగిరొచ్చి భుజానికి తగిలింది. మళ్ళీ పొడిచాడు. గోరంత ముక్క ఊడింది. తన పని ఇంత గట్టిగా ఉన్నందుకు తన్ను తానే తిట్టుకోవడం మన రోలరాయనకి జీవితంలో అదే మొదటిసారి.

"ఎవరు కొట్టారయ్యా దీన్ని, రాక్షసుడా?" అంటూ దర్జీ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేనే బావా."

"తెలుసులే. మీసం సంగతి మళ్ళీ చూద్దాం, ముందు గునపం ఇటివ్వు."

దర్జీ అలిసిపోతే టీకొట్టాయన అందుకున్నాడు. ఆయన చేతులు బొబ్బలెక్కితే రోలరాయన భార్య వచ్చి గునపం లాక్కుంది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన బుర్రలో కొట్టి కొట్టి నాకు అలవాటే" అని ఒక్కో పోటుకి ఒక్కో తిట్టు చొప్పున పొడిచింది. ఆమె కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ఆఖరి పొర దగ్గర రోలరాయన మళ్ళీ అందుకున్నాడు. గునపం చివర కదిలింది. లోపల ఏదో గుడగుడమంది.

"పక్కకి జరగండి!" అంది మేనకోడలు.

మట్టిబిరడా తుపాకీ గుండులా ఊడొచ్చి తొట్టి గోడకి తగిలింది. వెనకే నీళ్ళు, మనిషి తొడంత లావున, నల్లగా. ఆ జోరు చూసి అందరూ వెనక్కి తగ్గారు. రోలరాయన ఒక్కడే ఉన్నచోట ఉండిపోయాడు. నడుందాకా తడిసిపోయాడు.

"ఇప్పుడు వినండి" అంది మేనకోడలు. "ఈ నలుపు మామయ్య పెట్టిన మట్టిది. అది కొట్టుకుపోవాలి. పోయాక నీళ్ళు తేటగా వస్తే కట్ట క్షేమం. ఆ తర్వాత కూడా మురికే వస్తుంటే, నీళ్ళు కట్టనే కొంచెం కొంచెంగా మోసుకొస్తున్నట్టు. అప్పుడు తూములు ఎత్తక తప్పదు." టీకొట్టాయన గాజుగ్లాసుల బుట్ట తెచ్చాడు. ఆమె మొదటి గ్లాసు ధార కింద పట్టి, తొట్టి గట్టు మీద పెట్టింది. సిరాలా ఉంది.

కాసేపాగి ఇంకోటి పట్టింది. ఇదీ సిరాయే. ఇంకోటి. బూడిదరంగు. గట్టు మీద గ్లాసులు బారు తీరాయి. సాయంత్రపు ఎండ వాటి వెనకనుంచి పడుతోంది. ఇన్నాళ్ళుగా వాళ్ళ నెత్తిమీద ఉన్న ఆ నీళ్ళు ఉంటాయో పోతాయో, ఈ వీధి ఉంటుందో లేదో, అంతా ఒక టీగ్లాసులో కనిపించబోతోంది. తర్వాతి గ్లాసు కొంచెం పలచబడింది. ఆ తర్వాతిది ఎర్రగా వచ్చింది.

"ఎరుపేమిటి?" అన్నాడు రోలరాయన.

మేనకోడలు ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇంకో గ్లాసు పట్టింది. ఎరుపే. ఆమె వేలు ఫోన్ మీద ఉంది. రోలరాయన కళ్ళు మూసుకుని, తను తొక్కిన పొరలన్నీ కిందనుంచి పైదాకా ఒక్కసారి తలుచుకున్నాడు. ఎక్కడైనా తొందరపడ్డానా? ఎక్కడైనా గిట్ట గుర్తు మిగిలిందా? ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం ధైర్యమో భయమో ఆయనకి తెలియలేదు.

"గొట్టం చుట్టూ పేరుకున్న మట్టి అయ్యుండొచ్చు" అందామె. "ఇంకొక్కటి పడతాను."

పట్టింది. ఎండకెత్తింది. అందరి తలలూ పైకి లేచాయి. అడుగున చిటికెడు ఎర్రటి నలక తిరుగుతోంది, పైన తేట. తర్వాతి గ్లాసులో ఆ నలకా లేదు. గ్లాసు ఉందో లేదో తెలియనంత తేట. అందులోంచి అవతలి ఆమె వేళ్ళు, వేళ్ళ మీది గీతలతో సహా కనిపిస్తున్నాయి. ఆమె ఇంకోటి పట్టింది, ఇంకోటి పట్టింది, నమ్మకం కుదిరేదాకా పట్టింది. ధార జోరు కూడా తగ్గి, మెల్లగా సర్దుకుంది. అప్పుడు ఫోన్ తీసి, "చెయ్యి వెయ్యకు. కాని అక్కడే ఉండు" అంది. తడిచోటు ఆరేదాకా తను రోజూ వచ్చి చూస్తానని, పిల్లలు ఆ కొద్దిరోజులూ బడిలోనే పడుకోవాలని చెప్పింది.

దర్జీ నేలమీద కూలబడ్డాడు. ఎవరో ఏడ్చారు, ఎవరో నవ్వారు. రోలరాయన భార్య దగ్గరికి వచ్చి, భర్త భుజం మీద ఒకటి గట్టిగా చరిచి, చెయ్యి అక్కడే ఉంచేసింది.

రోలరాయన చివరి గ్లాసు తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. చల్లగా ఉంది, చేతులు జివ్వుమనేంత.

"ఇదెప్పటి నీరు తల్లీ?"

మేనకోడలు ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది. కోపం ఉంది, కాని అడిగిన ప్రశ్న ఆమెకి ఇష్టమైంది. "సరిగ్గా చెప్పలేను. నిన్నటిది మాత్రం కాదు. నీ రోలరు షెడ్డు మునగకముందే లోపల అడుగు పెట్టి ఉంటుంది. అప్పటినుంచీ నడుస్తోంది. నువ్వు తొక్కిన మట్టిలో వెంట్రుక దూరే సందు కూడా లేదు. అయినా నడిచింది."

"నా మట్టిలోంచా?"

"నీ మట్టిలోంచే. ఒక్క రేణువు కూడా వెంట తీసుకురాకుండా."

ఆయన గ్లాసుని మళ్ళీ వెలుతురుకెత్తాడు. చీకట్లో, ఆ నల్లగోడ లోపల, ఎవరికీ కనపడకుండా, తను టీకొట్టు దగ్గర చందమామని ఆపుతున్న పూటల్లో కూడా, ఈ నీళ్ళు ఒక్కో రేణువుని తడుముకుంటూ, దేన్నీ కదిలించకుండా, తన పని మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చాయి. వెనక ఇంకా వస్తున్నాయి. పైనున్న అంత నీటికీ, కిందున్న ఇంత ధారకీ మధ్య ఆ నడకే ఉంది. నోరు తెరిచాడు. అంతకంటే పెద్ద మాట కల్పించాలని కాదు, ఊపిరి అందక.

చీకటి పడబోతోంది. జనం ఒక్కొక్కరే కొండ దారి పట్టారు. మేనకోడలు టార్చీ తీసుకుని తడిచోటు చూడటానికి పైకెక్కింది.

"ఇంక పదవయ్యా" అంది భార్య. "తడిబట్టలతో ఎంతసేపు కూర్చుంటావు?"

"ఉండవే" అన్నాడు రోలరాయన ధార కింద అరచెయ్యి పట్టి. "ఇంకా వస్తోంది."